కర్బనం నాలుగు చేతులు

(పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార తనిఖీ అధికారి చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని చూడగానే మీకు పాసుపుస్తకం, వెన్నశాతం రిజిస్టరు, బోనసు పట్టీ గుర్తుకు రావడం సహజమే. ఇన్నేళ్లుగా మేము మీ ఊళ్లకు వస్తున్నది అందుకోసమే గదా. ఈ రోజు మాత్రం లెక్కల ఊసు ఎత్తబోము. పదో తరగతి పిల్లలు చదువుకునే రసాయన పాఠం ఒకటి మీతో చెప్పుకోవాలని వచ్చాము. మేము చదివినది సహకార డిప్లొమా. మాకు తెలిసినది చట్టం, జమాఖర్చు. అటువంటివాళ్లకు రసాయన శాస్త్రంతో పనేమిటని మీరడగవచ్చు. అందుకు కారణం ఒక గొయ్యి.

కొన్నేళ్ల క్రిందట నాగావళి ఒడ్డున ఒక ఊరికి తనిఖీకి వెళ్లాము. సంఘం గది ప్రక్క ఇంట్లో గోబర్ గ్యాసు ప్లాంటు పూడుకుపోయి చాలా కాలమైంది. దాన్ని బాగుచేద్దామని ఆ ఇంటివాళ్లు డ్రమ్ము లేపి, పైనున్న ముద్ద సగం తోడి పోశారు. అడుగున గట్టిపడిన పేడ తవ్వడానికి పెద్దకొడుకు నిచ్చెన వేసుకుని లోపలికి దిగాడు. నడుముకు తాడు కట్టుకోనిదే దిగడానికి వీల్లేదని వాళ్ల నాయనమ్మ పట్టుబట్టింది. దిగిన నిమిషంలోపే మాట ఆగిపోయింది. తమ్ముడు వెంటనే దూకబోయాడు. ఆ ముసలమ్మే వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. నలుగురం కలిసి తాడు లాగాము. పైకి వచ్చినవాడు వాకిట్లో నులకమంచం మీద చాలాసేపటికి గాని కళ్లు తెరవలేదు. బ్రతికాడు.

అప్పుడా ముసలమ్మ మా వైపు తిరిగి అడిగింది: "ఏటి బాబూ, అందులో ఏటుంది? కంటికి అగుపడదు, మనిసిని మాత్రం పడదోసీసినాది."

మా దగ్గర జవాబు లేదు. వాడు దిగుతున్నప్పుడు అక్కడ నిలబడి చూసినవాళ్లలో మేమూ ఉన్నాము. దిగకు నాయనా అని చెప్పడానికి మాకు తెలియలేదు. పైగా అంతకుముందు రెండేళ్లు అదే ప్లాంటును మా పట్టికలో "పనిచేయుచున్నది" అని రాసుకుని వచ్చాము. డ్రమ్ము కనబడింది గనుక టిక్కు పెట్టాము. పొయ్యి వెలుగుతున్నదా అని అడగలేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి మా పిల్లల పదో తరగతి పుస్తకం తీశాము. ఆ ముసలమ్మకు అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఈ రోజు మీకు చెబుతాము.

ఇచ్చిపుచ్చుకోవడం, వాటా వేసుకోవడం

ఈ లోకంలో వస్తువులన్నీ పరమాణువులనే అతి చిన్న రేణువులతో ఏర్పడినవి. ఒక పరమాణువు మరొకదానితో కలిసే తీరును బంధం అంటారు. బంధాలలో ముఖ్యమైనవి రెండు.

మన నౌపడ ఉప్పు తీసుకోండి. అందులో సోడియం, క్లోరిన్ ఉంటాయి. సోడియం తన దగ్గరున్న ఒక ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చివేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఒకరినొకరు అంటిపెట్టుకుని ఉంటారు. ఇది అయానిక బంధం.

రెండో రకం మన సంఘం వంటిది. ఎవరూ ఎవరికీ ఇచ్చివేయరు. ఇద్దరూ చెరొక ఎలక్ట్రాన్ వాటాగా వేస్తారు; ఆ జంట ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. దీన్ని సమయోజనీయ బంధం అంటారు. ఈ సంగతిని 1916లో అమెరికా శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ లూయిస్ విడమరచి చెప్పాడు. మాకు మాత్రం అది చదవగానే వాటాధనం గుర్తుకు వచ్చింది.

కర్బనం, అంటే బొగ్గులో ఉండే మూలకం, నాలుగు వాటాలు వేయగలదు. కనుక దానికి నాలుగు చేతులున్నాయని అనుకుందాము. హైడ్రోజన్‌కు ఒక్కటే చెయ్యి. ప్రాణవాయువుకు, అంటే ఆక్సిజన్‌కు, రెండు చేతులు. ఒక కర్బనం తన నాలుగు చేతులతో నాలుగు హైడ్రోజన్లను పట్టుకుంటే తయారయ్యేది మీథేన్. కర్బనం, హైడ్రోజన్ మాత్రమే కలిసి ఏర్పడే ఇటువంటి పదార్థాలన్నిటికీ హైడ్రోకార్బన్లని పేరు. ఆ వంశంలో మొట్టమొదటిది, అన్నిటికన్నా చిన్నది మీథేనే.

మీథేన్‌ను మీరందరూ చూసినవాళ్లే. శ్రీకాకుళం ప్రాంతపు తంపర భూముల్లోనో, ఊరచెరువు గట్టునో నిలబడి అడుగున ఉన్న బురదలో కర్ర గుచ్చితే బుడబుడమని బుడగలు వస్తాయి. ఆకూ అలమూ నీటి అడుగున గాలి తగలకుండా కుళ్లినప్పుడు పుట్టే వాయువది. ఇటలీ దేశంలో వోల్టా అనే ఆయన 1776లో మగ్గియోర్ అనే సరస్సు బురదలోనుంచి ఆ బుడగలను పట్టి, అది మండే వాయువని చూపాడు. కర్ర గుచ్చి బుడగలు చూసే మన పిల్లల ఆటకు, ఆయన చేసిన పరిశోధనకు మొదలు ఒకటే.

గేదె కడుపు, పేడ గొయ్యి

చెరువు అడుగున జరిగే పనే మన గేదె పొట్టలోనూ జరుగుతుంది. పశువు పొట్టలోని మొదటి పెద్ద అరలో కోటానుకోట్ల సూక్ష్మజీవులుంటాయి. మనిషికి అరగని వరిగడ్డిని పాలుగా మార్చే పుణ్యం వాటిదే. ఆ పనిలో హైడ్రోజన్, బొగ్గుపులుసు వాయువు మిగిలిపోతాయి. కొన్ని సూక్ష్మజీవులు ఆ రెంటినీ కలిపి మీథేన్‌గా చేస్తాయి. గేదె నెమరు వేస్తూ త్రేన్చినప్పుడు అది బయటికి పోతుంది. పెద్ద పశువు రోజుకు వంద లీటర్లకు పైగానే ఇలా వదులుతుంది.

ఇందులో మనకు నష్టముంది. మేతలో ఉన్న బలంలో నూటికి సుమారు ఆరు వంతులు పాలకూ కండకూ పోకుండా గాలిలో కలుస్తున్నది. వట్టి వరిగడ్డి మీద నిలిపిన పశువుకు పాలు తక్కువ, కనుక లీటరు పాలకు పడే ఈ నష్టం ఎక్కువ. పచ్చిమేత, దాణా, ఖనిజ లవణాలు సమంగా కలిపి పెడితే ఆ నష్టం తగ్గుతుంది. లోకానికీ మేలే. భూమిని వేడెక్కించడంలో మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే వందేళ్ల లెక్కన ఇరవై ఏడు రెట్లకు పైగా చురుకైనదని శాస్త్రజ్ఞులు తేల్చారు.

గోబర్ గ్యాసు ప్లాంటు అంటే భూమిలో కట్టిన గేదె పొట్టే. పేడ ఒక పాలు, నీళ్లు ఒక పాలు కలిపి పోస్తే, గాలి చొరని ఆ గొయ్యిలో అవే జాతి సూక్ష్మజీవులు పని సాగిస్తాయి. వచ్చే వాయువులో నూటికి 55 నుంచి 65 వంతులు మీథేన్. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం బొగ్గుపులుసు వాయువు. కొద్దిగా హైడ్రోజన్ సల్ఫైడు. కుళ్లిన గుడ్డు కంపు దానిదే. ఇనుప డ్రమ్మును తినేదీ అదే.

ఇక లెక్క. 2 ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ కావాలి. నాలుగైదు పెద్ద పశువులున్న ఇంటికి ఇది సరిపోతుంది. రెండు మూడు పశువులున్నవారికి 1 ఘనమీటరు చాలు. 1 ఘనమీటరు గోబర్ గ్యాసు ఇంచుమించు 430 గ్రాముల సిలిండరు గ్యాసుకు సాటి. అంటే 2 ఘనమీటర్ల ప్లాంటు సరిగా నడిస్తే నెలకు ఒకటిన్నర సిలిండరుకు తగ్గని వంట జరుగుతుంది. ఎరువు ఎక్కడికీ పోదు. పేడలోని నత్రజని ముద్దలోనే ఉండి పొలానికి చేరుతుంది.

ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ 1960ల నుంచి ఇనుప డ్రమ్ము ప్లాంట్లను ప్రచారం చేసింది. 1981-82లో జాతీయ బయోగ్యాసు పథకం వచ్చింది. 1984లో డ్రమ్ము లేకుండా ఇటుక గుమ్మటంతో కట్టే దీనబంధు నమూనా వచ్చింది. మన ఊళ్లలోనూ చాలా కట్టారు. ఇప్పుడు ఎన్ని వెలుగుతున్నాయి? మేము తిరిగిన ఊళ్లలో కొన్ని డ్రమ్ములు బోర్లించి వాటిమీద పిడకలు ఎండబెడుతున్నారు. ఒక అప్పను అడిగితే, "గేసు ఎప్పుడో ఆగిపోనాది బాబూ, గొట్టంలో నీరు దిగిందన్నారు, ఎవులూ రానేదు" అన్నది. గొట్టంలో చేరిన నీటిబొట్లు తీయడానికి ఒక్క అరగంట పని! దానికోసం కొన్ని వేల రూపాయల కట్టుబడి పాడుపడింది. ఇందులో మీ తప్పు కంటే, చూసి కూడా అడగని మా వంటివాళ్ల తప్పే ఎక్కువ.

కాలడం అనే జమాఖర్చు

మండడమంటే ఏమిటో ఇప్పుడు చూద్దాము. మీథేన్‌లో కర్బనం హైడ్రోజన్ల చేతులు పట్టుకుని ఉన్నది గదా. నిప్పు తగలగానే ఆ చేతులు విడిపోతాయి. కర్బనం రెండు ఆక్సిజన్లను పట్టుకుని బొగ్గుపులుసు వాయువవుతుంది. హైడ్రోజన్లు ఆక్సిజన్‌ను పట్టుకుని నీటి ఆవిరి అవుతాయి. కొత్త చేతిపట్లు పాతవాటికంటే గట్టివి. ఆ తేడాయే మనకు వేడిగా, వెలుగుగా దక్కుతుంది.

దీనికి తూకం కూడా ఉంది. మా బోటివాళ్లకు నచ్చే సంగతి ఇదే. 16 కిలోల మీథేన్ కాలడానికి 64 కిలోల ఆక్సిజన్ కావాలి. మొత్తం 80 కిలోలు. కాలాక 44 కిలోల బొగ్గుపులుసు వాయువు, 36 కిలోల నీరు వస్తాయి. అదీ 80 కిలోలే. ప్రకృతి పుస్తకంలో ఒక్క గ్రాము తేడా రాదు. కాలిపోయింది అంటామే గాని ఏదీ పోలేదు, చేతులు మార్చుకున్నదంతే.

అయితే ఆక్సిజన్ చాలినంత లేకపోతే? కర్బనానికి రెండు ఆక్సిజన్లు దొరకవు, ఒక్కటే దొరుకుతుంది. అప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన పీట మీద అది కూర్చుంటుంది, లేవదు. ఏజెన్సీ కొండ ఊళ్లలో చలికాలం తలుపులు బిగించి కుంపటి పెట్టుకుని పడుకోవద్దని చెప్పేది ఇందుకే. కరెంటు పోయినప్పుడు బల్క్ కూలరు గదిలో డీజిలు జనరేటరు పెట్టి తలుపు మూయవద్దని చెప్పేదీ ఇందుకే.

మంట రంగు చూసి మీరే ఇది పోల్చుకోవచ్చు. నీలి మంట అయితే గాలి చాలినట్టు. పసుపు మంట, గిన్నె అడుగున మసి ఉంటే కర్బనం కాలకుండా మిగిలిపోతున్నట్టు. బర్నరు శుభ్రం చేయండి, గాలి రంధ్రం సరిచేయండి. మంట తపతపమని ఎగిరితే గొట్టంలో నీరు చేరినట్టు. నీటి తూము విప్పండి.

ఇంకొక సంగతి. మీథేన్ గాలిలో నూటికి 5 నుంచి 15 వంతులు కలిసినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందుచేత కొత్తగా నింపిన ప్లాంటులో మొదట వచ్చిన గ్యాసును వెలిగించవద్దు. అందులో గాలి కలిసి ఉంటుంది. దాన్ని బయటికి వదిలివేసి, తర్వాత నిండినదాన్ని వాడుకోండి. గొయ్యిలో గ్యాసు ఉందో లేదో చూడటానికి లాంతరు దింపడం, అగ్గిపుల్ల గీయడం ఎన్నడూ చేయరాదు.

వెన్న పేరు పెట్టుకున్న గ్యాసు

కర్బనానికి మరో గుణం ఉంది. తన చేత్తో మరో కర్బనం చెయ్యి పట్టుకుని గొలుసు కట్టగలదు. రెండు కర్బనాల గొలుసు ఈథేన్, మూడు ప్రొపేన్, నాలుగు బ్యూటేన్. ఇంకా పొడుగైతే పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు, కొవ్వొత్తి మైనం, చివరకు రోడ్డు తారు. గొలుసు పొడుగయ్యే కొద్దీ వాయువు ద్రవమవుతుంది, ద్రవం చిక్కబడి ఘనమవుతుంది. 1957లో మొదలైన విశాఖపట్నం చమురు శుద్ధి కర్మాగారంలో జరిగే పని, ముడి చమురును కాచి ఈ గొలుసులను పొడుగు ప్రకారం వేరుచేయడమే.

బ్యూటేన్ అన్న పేరు ఎక్కడిదో విన్నారంటే మీకు సంతోషం కలుగుతుంది. లాటిన్ భాషలో వెన్నను బ్యూటిరం అంటారు. ఫ్రాన్సు దేశపు షెవ్రల్ అనే శాస్త్రజ్ఞుడు రెండు వందల ఏళ్ల క్రిందట వెన్నలోనుంచి ఒక ఆమ్లాన్ని వేరుచేశాడు. దానికి బ్యూటిరిక్ ఆమ్లమని పేరు వచ్చింది. అందులో నాలుగు కర్బనాలు. అందుకని నాలుగు కర్బనాల వాయువుకు కూడా వెన్న పేరే నిలిచింది. మీ వంటింటి సిలిండరులో ఉన్నది ప్రొపేన్, బ్యూటేన్. మీరు పోసిన పాలలోని వెన్న పేరు ఆ ఇనుప సిలిండరు మోస్తున్నది!

పేరుకే కాదు, చుట్టరికం కూడా నిజమే. వెన్నకొవ్వులో పదహారు, పద్దెనిమిది కర్బనాల పొడుగు తోకలుంటాయి. ఆ తోకలు హైడ్రోకార్బన్ వంశానివే. అందుకే కొవ్వు నీటిలో కలవదు, మీగడై పైకి తేలుతుంది. అందుకే నేతి దీపం కిరసనాయిలు దీపంలాగే వెలుగుతుంది. మన కేంద్రంలో గెర్బరు పరీక్షలో గంధకామ్లం పోసి, తిప్పి, వేడినీటిలో పెట్టి గొట్టం మెడలో చదివే ఆ పసుపు పట్టీ ఈ తోకల కట్టే. మీ డబ్బు లెక్కకట్టేది దానిమీదనే.

2024 నవంబరు 1న మన ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో దీపం-2 పథకం మొదలైంది. ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా ఇవ్వాలని ఆ పథకం. పొగచూరిన వంటిళ్లకు అది మేలే. కాని సిలిండరు గ్యాసుకూ గోబర్ గ్యాసుకూ ఒక పెద్ద తేడా ఉంది, అది తెలియకపోతే ప్రమాదం. మీథేన్ గాలికన్నా తేలిక. కారితే పైకి పోతుంది. ప్రొపేన్, బ్యూటేన్ గాలికన్నా బరువు. కారితే నేల మీద నీళ్లలా పారి, మూలల్లో, మురుగు కాలువల్లో నిలుస్తాయి. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం శుద్ధి కర్మాగారంలో జరిగింది అదే. కారిన గ్యాసు నేల వెంట మబ్బులా వ్యాపించి, నిప్పు తగిలి పేలింది. 50 మందికి పైగా చనిపోయారు.

కాబట్టి ఇంట్లో సిలిండరు వాసన వస్తే తలుపులు, కిటికీలు తెరవండి. రెగ్యులేటరు కట్టండి. కరెంటు స్విచ్చి వేయవద్దు, ఆర్పవద్దు. స్విచ్చిలో పుట్టే రవ్వ చాలు. 1906 నంబరుకు ఫోను చేయండి. అసలు ఆ గ్యాసుకు సొంత వాసన లేదు. కారితే మనకు తెలియాలని ఘాటైన వాసన మందు కలుపుతారు.

రెండు చేతులు కలిపి పట్టుకుంటే

ఇంతవరకు చెప్పిన గొలుసుల్లో కర్బనాలు ఒక్కొక్క చేత్తోనే పట్టుకున్నాయి. మిగతా చేతులన్నీ హైడ్రోజన్లతో నిండి ఉన్నాయి. వీటిని సంతృప్త హైడ్రోకార్బన్లు అంటారు. నిండు కుండ వంటివి. నిప్పు తగిలితే తప్ప తొణకవు. మహా అయితే ఒక హైడ్రోజన్‌ను వదిలి దాని చోట మరొకదాన్ని చేర్చుకుంటాయి. మీథేన్‌లో మూడు హైడ్రోజన్ల స్థానంలో మూడు క్లోరిన్లు చేరితే అది క్లోరోఫారం. దీన్ని ప్రతిక్షేపణ చర్య అంటారు.

రెండు కర్బనాలు రెండేసి చేతులతో పట్టుకుంటే ఇథిలీన్. మూడేసి చేతులతో పట్టుకుంటే ఎసిటిలీన్. ఇవి అసంతృప్తమైనవి. ఆ అదనపు చేతులు ఎప్పుడు విడిపించుకుందామా, ఎవరిని పట్టుకుందామా అని చూస్తుంటాయి. ఇలా కొత్తవారిని చేర్చుకోవడం సంకలన చర్య.

మన విజయనగరం మామిడి తోటలవారికి ఈ రెండూ తెలిసినవే. కాయ తానుగా పండేటప్పుడు లోపల పుట్టేది ఇథిలీన్. కార్బైడు రాయికి తేమ తగిలితే వచ్చేది ఎసిటిలీన్. త్వరగా పండించడానికి కార్బైడు పెట్టడం చట్టవిరుద్ధం. అందులోని ఆర్సెనిక్ వంటి కల్మషాలు విషాలు. నియమం ప్రకారం గదుల్లో ఇథిలీన్ వాడి పండించవచ్చు. వనస్పతి తయారీ కూడా సంకలన చర్యే. నూనె తోకల్లోని జంట చేతులను నికెల్ సాయంతో విప్పి హైడ్రోజన్‌ను అందిస్తే, ద్రవంగా ఉన్న నూనె పేరుకుంటుంది. పేరుకున్నంత మాత్రాన అది నెయ్యి కాదు.

ఇథిలీన్లు వేలకొద్దీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటే పాలిథిన్. పట్నంవాళ్లు మన పాలు కొనే సంచీ అదే. దానిలో చేతులన్నీ నిండిపోయాయి గనుక చలనం లేదు, నేలలో ఏళ్ల తరబడి కుళ్లదు. పశువు మింగితే పొట్టలో ఉండ కడుతుంది. ఖాళీ సంచులు పెంటకుప్ప మీద వేయవద్దని చెప్పేది ఇందుకే.

ఇలా చేతులు కలుపుకునేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా వేగంగా కలుపుకుంటాయి. దాన్ని అదుపులో పెట్టకపోతే ఏమవుతుందో 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర వెంకటాపురంలో చూశాము. ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో స్టైరీన్ అనే ద్రవం నిల్వ ఉన్నది. అదీ హైడ్రోకార్బనే, దానికీ జంట చేతులున్నాయి. చల్లగా ఉంచి, చేతులు కలవకుండా ఆపే మందు తగినంత వేసి నిల్వచేయాలి. లాక్‌డౌన్ రోజులు. చల్లదనం సరిగా లేదు, ఆపే మందు చాలలేదు. ట్యాంకు లోలోపల వేడెక్కి, ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. కట్టుకొయ్యలనున్న పశువులు అక్కడే కూలిపోయాయి. మన రెండు జిల్లాల నుంచి పనికోసం విశాఖ వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ పొద్దు ఫోను మోగని ఊరు లేదు.

ఈ పాఠం పిల్లల పరీక్షకు మాత్రమే అనుకుంటే పొరపాటని అందుకే అంటున్నాము.

ముసలమ్మకు జవాబు

ఇప్పుడు ఆ గొయ్యి దగ్గరకు తిరిగి వద్దాము. అందులో ఏటుంది అని ఆమె అడిగింది.

అమ్మా, అందులో ఉన్నది మూడు. మీథేన్ ఒకటి, అది విషం కాదు, కాని ప్రాణవాయువును ప్రక్కకు నెట్టి తాను నిండుతుంది. బొగ్గుపులుసు వాయువు రెండోది. గాలికన్నా బరువు కనుక డ్రమ్ము తీసినా అడుగునే ఉండిపోతుంది. హైడ్రోజన్ సల్ఫైడు మూడోది. కొద్దిగా ఉంటే కంపు కొడుతుంది, ఎక్కువైతే ముక్కు వాసన పట్టే శక్తినే చంపుతుంది. కంపు లేదు గదా అని దిగినవాడు అందుకే పడిపోతాడు. పైగా ముద్దను కదిపితే లోపల చిక్కిన వాయువు ఒక్కసారి బయటికి వస్తుంది. నువ్వు కట్టించిన తాడు, నువ్వు పట్టుకున్న చొక్కా రెండు ప్రాణాలు నిలబెట్టాయి.

సభ్యులు ఈ మాటలు గుర్తుంచుకోవాలి. గోబర్ గ్యాసు గొయ్యిలోకి గాని, మరుగుదొడ్డి ట్యాంకులోకి గాని ఎవరూ దిగరాదు, ఎవరినీ దింపరాదు. మరుగుదొడ్డి ట్యాంకులోకి రక్షణ సామగ్రి లేకుండా కూలివాణ్ణి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. ముద్దను బయటినుంచే బక్కెట్లతోనో, పంపుతోనో తోడండి. తప్పనిసరి మరమ్మతు ఉంటే ప్లాంటు కట్టే శిక్షణ పొందినవారిని పిలవండి. గొయ్యిని పూర్తిగా ఖాళీచేసి, రోజుల తరబడి తెరిచి ఉంచి, గాలి కొట్టించిన తర్వాతనే, నడుముకు తాడుతో, పైన మనుషులుండగా వాళ్లు చూసుకుంటారు. లోపల ఒకరు పడిపోతే రెండోవాడు దూకకూడదు. పెక్కు చోట్ల రక్షించబోయినవాళ్లూ పోతున్నారు.

సంఘాల కార్యదర్శులకు ఒక మనవి. మీ ఊళ్లో మూలపడిన ప్లాంట్లు ఎన్ని ఉన్నాయో ఈ నెల సమావేశంలో రాయండి. గొట్టంలో నీరు చేరినవి, డ్రమ్ము తుప్పు పట్టినవి, పేడ చాలక ఆగినవి అని వేరు వేరుగా రాయండి. మొదటి రకం అప్పటికప్పుడే బాగవుతుంది. రెండో రకానికి రంగు, అతుకు కావాలి. మూడో రకం వాళ్లకు పశువులు తగ్గాయి గనుక పెద్ద గొయ్యి బాగుచేయించడం దండగ. ఆ సంగతి దాచకుండా రాయండి. మూతపడేవాటికి పైన గట్టి కప్పు వేయించండి, పిల్లలు పడకుండా.

ఇక మా వైపు నుంచి ఒక మాట. ఇకమీదట మేము మీ ఊరు వస్తే మీ గోబర్ గ్యాసు పొయ్యి మీద గ్లాసెడు నీళ్లు కాచమంటాము. ఈయనగారు మొహమాటం లేకుండా టీ అడుగుతున్నాడనుకోవద్దు. నీలి మంట మీద నీళ్లు కాగితేనే మా పట్టికలో "పనిచేయుచున్నది" అని రాస్తాము. టీ మేము తాగకపోయినా ఫరవాలేదు.

కర్బనానికి నాలుగు చేతులే. వాటితో అది పాలలో వెన్నయింది, పొయ్యిలో మంటయింది, పాలు పోసే సంచీ అయింది, ఒక తెల్లవారుజామున ఊరి మీద పడిన ఆవిరీ అయింది. అది ఎవరి చెయ్యి పట్టుకుని ఉన్నదో తెలుసుకుని మెలిగితే మనకు భయం లేదు.

 సాయంత్రం పాల వేళ దగ్గరపడుతున్నది, గేదెలు మీకోసం చూస్తుంటాయి. సెలవు.